ఇంజెక్షన్ వేసుకునే మీ స్నేహితురాలి గురించి

చిరంజీవులు 7వ తరగతి బి సెక్షన్ పిల్లలకు ఆశీస్సులు.

మా మనవడు మీ క్లాసులోనే చదువుతున్నాడు. సెలవుల తర్వాత బడికొచ్చిన మీ స్నేహితురాలికి షుగర్ అట, మధ్యాహ్నం పొట్టకి ఇంజెక్షన్ వేసుకుంటోందట, "అది మాకూ అంటుకుంటుందా తాతయ్యా?" అని మొన్న అడిగాడు. వాడొక్కడికే ఎందుకు, మీ అందరికీ చెబుదామనిపించింది. ఆ అమ్మాయి, వాళ్ల అమ్మానాన్నలు, మీ టీచరుగారు సరేనన్నాకే రాస్తున్నాను. నేనూ రోజూ ఇన్సులిన్ వేసుకునేవాణ్ణే.

అంటుకోదు. చాక్లెట్లు ఎక్కువ తినడం వల్ల కూడా రాలేదు. షుగర్ జబ్బులో రకాలున్నాయి. నాకున్నది టైప్ 2. వంశంలో ఉండటం, కూర్చుని చేసే ఉద్యోగం, వయసు, అన్నీ కలిసి మెల్లగా వచ్చింది. ఆమెది టైప్ 1. పొట్టలో క్లోమం అనే గ్రంథి ఉంటుంది. అందులోని బీటా కణాలు ఇన్సులిన్ తయారుచేస్తాయి. రోగాలతో పోట్లాడాల్సిన మన రోగనిరోధక శక్తే పొరబడి ఆ కణాలను చంపేస్తే టైప్ 1 వస్తుంది. ఇందులో ఆ పాప చేసిన తప్పు గానీ, వాళ్ల అమ్మ పెట్టిన తిండిలో లోపం గానీ ఏమీ లేవు.

మనం తిన్న అన్నం గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. అక్కణ్ణుంచి కండల్లోకి వెళ్లాలంటే ఇన్సులిన్ కావాలి. అది లేకపోతే, వాకిట్లో బియ్యం బస్తాలు దిగినా తలుపు తీసేవాళ్లు లేక ఇంట్లోవాళ్లు పస్తున్నట్టే. సెలవుల్లో ఆమె అంతగా చిక్కిపోయింది అందుకే. మాటిమాటికీ దాహం, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాల్సి రావడం కూడా రక్తంలో షుగర్ పేరుకుపోవడం వల్లే. ఇప్పటికీ షుగర్ పెరిగిన రోజున అలా అవుతుంది. క్లాసు మధ్యలో లేచి వెళ్తే నవ్వకండి.

వందేళ్ల కిందట టైప్ 1 వచ్చిన పిల్లలు ఏడాది రెండేళ్లకు మించి బతికేవారు కాదు. డాక్టర్లు అరకొర తిండి పెట్టి కొన్నాళ్లు నెట్టుకొచ్చేవారు, అంతే. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల క్లోమం నుంచి ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇచ్చారు. అప్పటికి వాడి బరువు 30 కిలోలు కూడా లేదు. మొదటి ఇంజెక్షన్ సరిగ్గా పనిచేయలేదు, మందులో మలినాలు ఉన్నాయి. కాలిప్ అనే ఆయన దాన్ని శుద్ధిచేశాక, పన్నెండు రోజులకి మళ్లీ ఇస్తే షుగర్ దిగింది. ఆ అబ్బాయి ఇంకో 13 ఏళ్లు బతికాడు. పేటెంటు హక్కులను ఆ ముగ్గురూ తలా ఒక్క డాలరుకే టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారు. బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14నే ప్రపంచ మధుమేహ దినం. మీ బాలల దినోత్సవం కూడా ఆ రోజే.

ఇక మీ బడి సంగతి. నా అనుభవంలో సూది నొప్పి పెద్ద విషయం కాదు. దానికి వారం పది రోజుల్లో అలవాటుపడతాం. ప్రాణం విసిగేది చుట్టూ ఉన్నవాళ్ల మాటలకి. "ఇది నువ్వు తినొచ్చా?" అని పెళ్లిలో పంక్తి అంతా వినేలా అడుగుతారు చూడండి, అప్పుడు ఆకలే చచ్చిపోతుంది. మీరు అలా అడగకండి. ఎన్ని ఇడ్లీలకి ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ వేసుకోవాలో ఆమెకి నేర్పించారు. లెక్కల్లో ఇప్పటికే మీకంటే ముందుండి ఉంటుంది. పుట్టినరోజు కేకు పంచితే ఆమెకీ ఒక ముక్క ఇవ్వండి, ఎంత తినాలో తనే చూసుకుంటుంది. ఇంట్లో ఎవరైనా ఫలానా ఆకురసం తాగితే ఇన్సులిన్ మానేయొచ్చని చెబితే, ఆ కబురు మాత్రం ఆమె దాకా మోయకండి. టైప్ 1 ఉన్నవాళ్లు ఇన్సులిన్ మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఇంజెక్షన్ వేసుకున్నాక ఆమె బాక్సులోంచి ముద్దలు లాక్కోకండి! అవి లెక్కలో ఉన్న ముద్దలు. తగ్గితే షుగర్ మరీ పడిపోతుంది. గేమ్స్ పీరియడ్‌లో బాగా పరుగెత్తినా పడిపోవచ్చు. రక్త పరీక్షలో షుగర్ 70 (mg/dL) కంటే తగ్గితే దాన్ని "లో" అంటాం. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, విపరీతమైన ఆకలి వేస్తుంది. ఒక్కోసారి ఊరికే కోపమొస్తుంది, మాట తడబడుతుంది. అప్పుడు ఒకరు ఆమె పక్కనే ఉండండి, ఇంకొకరు టీచరు దగ్గరికి పరుగెత్తండి. ఆమెను ఒంటరిగా మెట్లెక్కించి స్టాఫ్ రూముకి పంపకండి. మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాలి, లేదా పంచదార నీళ్లు. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు వల్ల గ్లూకోజు రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పావుగంటకి మళ్లీ షుగర్ చూడాలి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి పెద్దవాళ్ల చేత 108కి ఫోన్ చేయించాలి.

ఇంత చెప్పానని ఆమెను ఆటల్లోంచి తీసేయకండి. పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ వసీమ్ అక్రమ్ తెలుసా? మీకు తెలియకపోతే మీ నాన్నల్ని అడగండి. ఆయనకి 1997లో షుగర్ బయటపడింది. ఇన్సులిన్ వేసుకుంటూనే ఆడి, 2003 ప్రపంచ కప్పులో వన్డేల్లో 500వ వికెట్ తీశాడు.

పరీక్షల గురించి కూడా ఆమెకి టెన్షన్ అక్కర్లేదు. బోర్డు పరీక్షలు రాసే టైప్ 1 పిల్లలు గ్లూకోజ్ బిళ్లలు, పళ్లు, తినేవి హాల్లోకి తెచ్చుకోవచ్చని సీబీఎస్‌ఈ 2017లోనే చెప్పింది. మీ బడిలో యూనిట్ టెస్టులకి కూడా అలాగే ఒప్పుకోమని మీ హెడ్‌మాస్టరుగారికి నేను విడిగా రాస్తున్నాను.

సాగర్ ఎక్స్‌కర్షన్‌కి వెళ్తున్నారని విన్నాను. ఇన్సులిన్ ఎండలో ఉన్నా, వేడెక్కిన బస్సు డిక్కీలో ఉన్నా పాడవుతుంది. నేరుగా ఐసు మీద పెడితే గడ్డకట్టి అదీ పనికిరాదు. ఆ సంచి ఆమె చేతిలోనే ఉండాలి, సామాన్లు సర్దే హడావుడిలో ఎవరూ దాన్ని డిక్కీలో పడేయకండి. కిటికీ పక్క సీటు ఎవరిదన్నది మాత్రం మీరూ మీరూ తేల్చుకోండి, అందులో నా రికమండేషన్ ఏమీ లేదు.

ఇట్లు,
మీ తాతయ్య