“ఇక్కడ రాస్తే ఊళ్లో పోదు కదా సారూ?” – జనాభా లెక్కలు, వలసలు: అపోహలు, వాస్తవాలు

“సారూ, మా పేర్లు ఇక్కడ రాసుకుంటే ఊళ్లో రేషన్ కార్డు పోదు కదా?”

జనాభా లెక్కల పని మీద నేను గడప తొక్కిన వలస కుటుంబాల్లో ఈ మాట వినని రోజు లేదు. 2001లో పాలమూరు పల్లెలో విన్నాను, 2011లో హైదరాబాదు శివార్లలో విన్నాను. ఇప్పుడు 2027 మార్చి 1 ప్రాతిపదికగా కొత్త జనగణన అనగానే పాత విద్యార్థులు ఫోను చేసి మళ్లీ అదే అడుగుతున్నారు. బడిలో సాంఘిక శాస్త్రం చెబుతూ రెండుసార్లు ఎన్యూమరేటర్‌గా, అంటే ఇంటింటికీ వెళ్లి లెక్క రాసేవాడిగా తిరిగినవాడిని. నాకు తెలిసింది చెబుతాను.

అపోహ: పనికి వెళ్లిన చోట పేరు రాయిస్తే సొంతూళ్లో రేషను, పింఛను, ఓటు, ఇంటి స్థలం పోతాయి.

వాస్తవం: పోవు. వాటిలో ఒక్కటి కూడా పోదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షను చదవండి. మీరు చెప్పిన వివరాలున్న కాగితాన్ని తెరిచి చూసే హక్కు బయటివారెవరికీ లేదు. భూమి తగాదాలోనో మరో కేసులోనో దాన్ని సాక్ష్యంగా పెట్టడానికీ వీల్లేదు. రేషన్ కార్డులో పేరు తీసేది పౌరసరఫరాల శాఖ, అదీ ఈ-కేవైసీ వంటి తన సొంత తనిఖీలతో. ఓటరు జాబితా ఎన్నికల సంఘం చేతిలో ఉంటుంది. మీ వివరాలు రాసుకున్న లెక్కల కాగితం ఈ రెండు చోట్లకూ వెళ్లదు. అయినా ప్రతి పదేళ్లకూ ఎవరో ఒకరు ఈ పుకారు లేపుతారు, నోరు లేనివాళ్లు బెదిరిపోతారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

2001లో నా బ్లాకులో, అంటే లెక్క రాయమని నాకు అప్పజెప్పిన ఇళ్లలో, సగం ఇళ్లకు తాళాలు. కొన్నింటికి తాళం కూడా లేదు, గొళ్లేనికి తాడు చుట్టి వెళ్లారు. ఒక ఇంట్లో మాత్రం ముసలమ్మ, ఇద్దరు మనవలు ఉన్నారు. కొడుకూ కోడలూ దసరా వెళ్లగానే ముంబయికి పనికి పోయారు. ఆమె నన్ను నులక మంచం మీద కూర్చోబెట్టి, ప్లాస్టిక్ సంచిలో మడిచి దాచిన కార్డు తీసి నా ఒళ్లో పెట్టింది. “అయిదుగురం ఉన్నాం సారూ, అయిదుగురినీ రాయండి.” లెక్కింపు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ ఇరవై రోజుల్లో ఒక్కరోజు కూడా ఇంట్లో లేని మనిషిని ఆ ఇంటి లెక్కలో రాయకూడదు, ఉన్నచోటనే రాయాలి. నేను ముగ్గురినే రాశాను. “అయితే నా కొడుకును ఊరి నుంచి కొట్టేసినట్టేనా?” అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు నేను కొత్తవాణ్ణి. నియమం అప్పజెప్పి లేచి వచ్చేశాను. కార్డు వేరు, ఈ లెక్క వేరు అని పది నిమిషాలు కూర్చుని చెప్పవలసింది. కొడుకును అక్కడ రాయించుకోమని కబురు చేయమ్మా అని చెప్పవలసింది. ముంబయిలో ఆ దంపతులను ఎవరైనా రాశారో లేదో నాకు తెలియదు.

2011లో అటువైపు నుంచి చూశాను. అప్పటి రంగారెడ్డి జిల్లాలో ఒక ఇటుక బట్టీ నా బ్లాకులో పడింది. ఒడిశాలోని బలంగీర్ నుంచి వచ్చిన కుటుంబాలు పచ్చి ఇటుకలు పేర్చి పైన రేకు కప్పుకుని ఉంటున్నాయి. నడుము వంచి దూరాలి, లోపల నిలబడితే తల రేకుకు తగులుతుంది. బట్టీ గుమస్తా ఎదురొచ్చి, “వీళ్లు జూన్‌లో వెళ్లిపోతారు సార్, రాయనక్కర్లేదు” అన్నాడు. కూలీలు కూడా మేస్త్రీ ద్వారా అదే చెప్పించారు: మా పేర్లు ఊళ్లో రాస్తారు, ఇక్కడ వద్దు. కానీ ఫిబ్రవరి నెలంతా వాళ్లు బట్టీలోనే ఉంటారు. ఊళ్లో ఎన్యూమరేటర్ నియమం పాటిస్తే అక్కడ రాయడు, గుమస్తా మాట వింటే ఇక్కడ నేను రాయను. అంటే ఆ మనుషులు ఏ లెక్కలోనూ ఉండరు. సాయంత్రం దాకా కూర్చుని గుడిసె గుడిసెకూ రాశాను.

2011 లెక్కల తర్వాత జరిపిన తనిఖీ సర్వేలో వెయ్యికి 23 మంది లెక్కలోకి రాలేదని తేలింది. 121 కోట్ల దేశంలో అది సుమారు 2.8 కోట్ల మంది. పల్లెల్లో కన్నా పట్టణాల్లో వదిలేసినవాళ్లే ఎక్కువ.

దీనివల్ల నష్టం ఎవరికి? 2013 ఆహార భద్రత చట్టం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మంది వరకు ధాన్యం ఇమ్మంటుంది. ఆ శాతాలను 2011 జనాభాకు కట్టి 81.35 కోట్ల మంది అని గీత గీశారు. 2021లో జరగాల్సిన లెక్కలు కొవిడ్‌తో ఆగిపోవడంతో ఆ గీత కదలలేదు. మీ ఒక్క కార్డుకు జనగణనతో సంబంధం లేదు కానీ, రాష్ట్రం మొత్తానికి ఎన్ని కార్డులకు ధాన్యం వస్తుందన్నది దాని మీదే నిలబడి ఉంది. కొత్త కార్డుకు అర్జీ పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగేవాళ్లకు ఈ ముడి అర్థం కావాలి. పనిచేసే చోట రేషను కావాలంటే ఆ చట్టం కిందిచ్చిన కార్డు మీద దేశంలో ఏ చౌకధరల దుకాణంలోనైనా ధాన్యం తీసుకోవచ్చు. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ ఆ ఏర్పాటులోకి వచ్చాయి. దానికి ఊళ్లో కార్డు వదులుకోనక్కర్లేదు.

మిగతా అపోహల గురించి క్లుప్తంగా చెబుతాను.

వలస అంటే పల్లె వదిలి పరాయి రాష్ట్రపు నగరానికి పోవడమేనని చాలామంది అనుకుంటారు. జనగణనలో ఒక ఊరి నుంచి మరో ఊరికి మారి ఉంటున్న ప్రతివారూ వలసదారే. 2011లో అలాంటివారు 45 కోట్లకు పైనే, అందులో రాష్ట్రం దాటినవారు సుమారు 5.4 కోట్లు మాత్రమే. అన్నిటికన్నా పెద్ద ప్రవాహం పల్లె నుంచి పల్లెకే, ముఖ్యంగా పెళ్లయి వెళ్లే ఆడవాళ్లది. ఏడు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి కాపురానికి వచ్చిన మా అమ్మ కూడా ఆ లెక్కలో వలసదారే.

“మా ఊరిని సెన్సస్ టౌన్ చేస్తే పన్నులు పెరుగుతాయి, ఉపాధి పనులు పోతాయి.” అలా జరగదు. జనాభా 5,000కు తగ్గకుండా, ఏడాదిలో కనీసం ఆరు నెలలు పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉంటే గణాంకాల్లో ఆ ఊరికి ఆ పేరు పెడతారు, అంతే. పంచాయతీ పంచాయతీగానే ఉంటుంది. పురపాలక సంఘంగా మార్చాలంటే రాష్ట్ర ప్రభుత్వం విడిగా ఉత్తర్వు ఇవ్వాలి. ఇటువంటి ఊళ్లు 2001లో 1,362 ఉంటే 2011కు దాదాపు 3,900 అయ్యాయి.

జనాభా పేలిపోతోందన్న భయం పాతది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో స్త్రీకి సగటున పిల్లలు 2.0, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. అంటే తల్లీతండ్రీ ఇద్దరి స్థానంలో వచ్చేది ఇద్దరు, లేదా అంతకన్నా తక్కువే.

కాగితాలు చూపించాలా? అక్కర్లేదు. మీరు చెప్పిందే రాసుకుంటారు. బ్యాంకు ఖాతా నంబరో ఏటీఎం పిన్నో అడిగితే వాడు ఎన్యూమరేటర్ కాదు, తలుపు వేసేయండి. భర్త పేరు పలకని ఇల్లాలిని బలవంతం చేయకూడదని కూడా జనగణన చట్టం 8వ సెక్షనులో రాసి ఉంది. బట్టీలో ఒకామె తల దించుకుని ఊరుకుంటే, పక్కనే ఇటుకలు తిరగేస్తున్న పదేళ్ల కూతురు వాళ్ల నాన్న పేరు చెప్పింది.

లెక్కింపు జరిగే ఫిబ్రవరిలో మీ అబ్బాయి సూరత్‌లోనో బెంగళూరులోనో పనిలో ఉంటే ఇప్పుడే ఫోను చేసి, అక్కడే రాయించుకోమని చెప్పండి. గుడిసెకు ఎవరూ రాకపోతే దగ్గర్లోని ప్రభుత్వ బడికి వెళ్లి అడగమనండి. లెక్కలకు తిరిగేవాళ్లలో ఎక్కువమంది మాలాంటి పంతుళ్లే.