గోడకు ఇవతలి ఇల్లు: కొనుగోలుదారును ఇరుకున పెట్టిన 2011 నాటి లేఖ

ఆదిలాబాద్ పట్టణం అంచున ఉన్న నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్‌ను పౌర విమానాలకు కూడా వాడుకోవడానికి భారత వైమానిక దళం 2025 ఏప్రిల్‌లో సమ్మతి తెలిపింది. అంతకు కొన్ని వారాల ముందే, ఫిబ్రవరి 28న, వరంగల్‌లోని మామునూరు విమానాశ్రయానికి కేంద్ర పౌర విమానయాన శాఖ సూత్రప్రాయ అనుమతి ఇచ్చింది. రెండు కబుర్లూ వెంటవెంటనే రావడంతో ఉత్తర తెలంగాణలో చాలామంది ఆ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడుతున్నారు. ఇల్లు కొనేవారికి మాత్రం అవి రెండూ ఒకటి కావు. మామునూరులో రాబోయేది పౌర విమానాశ్రయం. ఆదిలాబాద్‌లో రాబోయేది సైనిక, పౌర విమానాలు రెండూ దిగే ఉమ్మడి క్షేత్రం, అంటే అక్కడ గోడకు అవతల ఉండేది వైమానిక దళం. అలాంటి గోడకు ఇవతల కట్టి అమ్మకానికి పెట్టిన కొత్త ఇంటిని కొనవచ్చా, కొంటే ఎవరి అనుమతి చూసుకోవాలి అన్న పాత ప్రశ్న దీనితో మళ్లీ లేచింది.

సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806లో ఎలా పుట్టిందో, నిజాం ప్రభువు ఎయిర్‌స్ట్రిప్‌లు ఎందుకు వేయించారో తెలిసిన సంగతులే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నేటి చిక్కుకు మూలం అంత పాతది కాదు. రక్షణ మంత్రిత్వ శాఖ 2011 మే 18న సైనిక స్థావరాలకు పంపిన ఒక మార్గదర్శక లేఖలో అది ఉంది. ఆ లేఖను అర్థం చేసుకుంటే సికింద్రాబాద్ పక్కనున్న అల్వాల్‌లో ఆగిన అపార్ట్‌మెంటూ, రేపు ఆదిలాబాద్‌లో ఆగబోయే డూప్లెక్సూ రెండూ అర్థమవుతాయి.

ఆ లేఖ మన ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు. పశ్చిమ బెంగాల్‌లోని సుక్నా సైనిక స్థావరాన్ని ఆనుకుని ఉన్న భూమి విషయంలో ప్రైవేటు సంస్థకు నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఇచ్చారన్న ఆరోపణ మీద లెఫ్టినెంట్ జనరల్ హోదా అధికారులే కోర్ట్ మార్షల్‌ను ఎదుర్కొన్నారు. ఆ గొడవ చల్లారకముందే ముంబయి కొలాబాలో 31 అంతస్తుల ఆదర్శ్ భవనం వ్యవహారం బయటపడి, 2010 నవంబరులో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అశోక్ చవాన్ రాజీనామా చేయవలసి వచ్చింది. సైనిక స్థావరాల పక్కన కట్టడాలకు ఎన్‌ఓసీ ఇచ్చే అధికారం ఎవరిది, ఏ లెక్కన ఇవ్వాలి అన్న ప్రశ్నకు జవాబు లేదని అప్పుడే ఢిల్లీకి తట్టింది. ఆరు నెలల్లో లేఖ వచ్చింది.

లేఖ సారాంశం ఇది. స్థానిక మునిసిపల్ నిబంధనల ప్రకారం స్టేషన్ కమాండర్‌ను, అంటే స్థావరం అధిపతిని, సంప్రదించవలసిన చోట, ఆయన తన పై అధికారి ఆమోదం తీసుకుని నాలుగు నెలల్లోగా అభిప్రాయం చెప్పాలి. అలాంటి నిబంధన లేని చోట కూడా, స్థావరానికి 100 మీటర్లలోపు ఏదైనా కట్టడం భద్రతకు ముప్పు అనిపిస్తే ఆ మాట పైకి నివేదించి, అక్కడివారూ అదే భావిస్తే రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకు అభ్యంతరం తెలపాలి. నాలుగు అంతస్తులు దాటిన భవనమైతే ఆ దూరం 500 మీటర్లు. కాగితం మీద ఇది పద్ధతిగానే కనిపిస్తుంది. అయితే సుక్నా తర్వాత ఎన్‌ఓసీ మీద సంతకం పెట్టడమంటే సర్వీసును పణంగా పెట్టడమేనన్న భయం అధికారులలో పాతుకుపోయింది. ‘వద్దు’ అన్నందుకు ఎవరికీ శిక్ష పడదు, జవాబే ఇవ్వకపోయినా పడదు. ఆ మౌనం భారమంతా వచ్చి పడింది అప్పు చేసి ఇల్లు కొన్నవాడి నెత్తిన.

ఇక్కడ ఒక శతాబ్దం వెనక్కి వెళ్లక తప్పదు, ఎందుకంటే అసలు అన్యాయం అక్కడి నుంచి చూస్తేనే కనిపిస్తుంది. ఇలాంటి ఆంక్షల కోసమే 1903లో రక్షణ పనుల చట్టం వచ్చింది, అది నేటికీ అమలులో ఉంది. ఆ చట్టం సైన్యానికి ఏమీ తక్కువ అధికారం ఇవ్వలేదు. స్థావరం నుంచి 2,000 గజాల వరకు, అంటే దాదాపు 1.8 కిలోమీటర్ల మేర, కట్టడాలను నియంత్రించవచ్చునని చెప్పింది. కాకపోతే దానికి క్రమం పెట్టింది. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ప్రకటించాలి, ఏ భూములో పటం గీసి చూపాలి, ఆ భూముల యజమానులకు కలెక్టర్ విచారణ జరిపి నష్టపరిహారం నిర్ణయించాలి. 2011 లేఖ చేసిన పని ఏమిటంటే, ఈ క్రమాన్ని పక్కకు తప్పించి ఆంక్షను మాత్రం నిలబెట్టడం. నోటిఫికేషన్ లేదు, పటం లేదు, పరిహారం లేదు. ఒక స్టేషన్ కమాండర్ రాసే ఉత్తరంతో పని జరిగిపోతుంది. ఆ లేఖకు చట్టబలం ఉందా లేదా అన్న వాదన పలు హైకోర్టుల దాకా వెళ్లింది, తీర్పులన్నీ ఒకే దారిలో రాలేదు. రాచరికాన్ని కాపాడుకోవడానికి తెల్లదొరలు చేసిన చట్టం పౌరుడికి ఇచ్చిన రక్షణను స్వతంత్ర దేశపు మార్గదర్శక లేఖ ఇవ్వకపోవడం ఈ కథలో నన్ను అన్నింటికన్నా బాధపెట్టే సంగతి.

సైన్యం వాదన కూడా తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. ఐదో అంతస్తు బాల్కనీ నుంచి చూస్తే ఆయుధాగారం ముంగిలి కనిపిస్తుంది. రన్‌వే దారిలో ఒక నీళ్ల ట్యాంకు పది అడుగులు పైకి లేచినా శిక్షణలో ఉన్న పైలట్‌కు అది ప్రాణాపాయం. చెత్తకుప్పలు పెరిగితే పక్షులు చేరతాయి, పక్షి ఇంజనులో పడితే విమానం కూలుతుంది. స్థావరాలు ఊరికి దూరంగానే కట్టామనీ, ఊరే తమ గోడ దాకా వచ్చిందనీ వారు అనే మాట నిజం.

మన రాష్ట్రంలో ఈ లేఖకు కాళ్లొచ్చింది 2012 ఏప్రిల్ 7న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ రోజు ఇచ్చిన జీవో 168లోని భవన నిబంధనల్లో, రక్షణ శాఖ భూముల సరిహద్దు నుంచి 500 మీటర్లలోపు స్థలాలకు ఆ శాఖ ముందస్తు అనుమతి తీసుకోవాలని రాశారు. అంతస్తుల లెక్క కూడా లేకుండా 500 మీటర్లు. నాలుగేళ్ల తర్వాత, 2016 అక్టోబరు 21న, కేంద్రమే వెనక్కి తగ్గి 193 స్టేషన్లలో ఆంక్షను బయటి గోడ నుంచి 10 మీటర్లకు కుదించింది, మిగతా స్టేషన్లను వేరే జాబితాలో ఉంచింది. ఒకే గోడకు రాష్ట్రం జీవోలో ఒక అంకె, కేంద్రం లేఖలో మరో అంకె. బిల్డరు తనకు అనుకూలమైన అంకెను చూపిస్తాడు, అభ్యంతరం చెప్పే అధికారి తనకు అనుకూలమైన అంకెను చూపిస్తాడు.

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ఈ ముడిని ఇంకా బిగించింది. అనుమతుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పించిన చట్టంగా దానికి మంచిపేరే ఉంది, ఆ పేరు న్యాయమైనదే. 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి, అంతకు మించితే 21 రోజుల్లో అనుమతి. ఇప్పుడు లెక్క చూడండి. మునిసిపాలిటీకి 21 రోజులు, స్టేషన్ కమాండర్‌కు నాలుగు నెలలు. సైన్యం అభ్యంతరం వచ్చేసరికి రెండు స్లాబులు పడిపోయి ఉంటాయి, మూడో అంతస్తు ఫ్లాటుకు ఎవరో బయానా ఇచ్చేసి ఉంటారు. స్వీయ ధ్రువీకరణలో తప్పు తేలితే నోటీసు లేకుండానే కూల్చవచ్చునని అదే చట్టం చెబుతుంది. ధ్రువీకరణ మీద సంతకం బిల్డరుది, కూలేది కొన్నవాడి ఇల్లు.

మా మేనబావది హుజూరాబాద్, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడు. పిల్లల చదువు కోసం 2021లో అల్వాల్ వైపు కొత్తగా కట్టిన ఐదంతస్తుల భవనంలో ఫ్లాటు కొన్నాడు. కరీంనగర్, సిద్దిపేట, హుజూరాబాద్ వాళ్లు అటే చూస్తారు, రాజీవ్ రహదారి ఎక్కితే నేరుగా ఇంటికి చేరవచ్చు గనుక. బిల్డరు ఇచ్చిన కరపత్రం ఇప్పటికీ ఆయన బీరువాలో ఉంది. అందులో భవనం బొమ్మ వెనుక చెట్ల గుంపు, కింద ‘మీ బాల్కనీ ఎదుట ఎప్పటికీ మరో అపార్ట్‌మెంట్ రాదు’ అన్న వాక్యం ఉన్నాయి. ఆ చెట్లు సైన్యానివి. ఎదుట మరో భవనం ఎందుకు రాదో, అదే కారణం ఈ భవనానికీ వర్తిస్తుందేమోనని ఎవరూ అడగలేదు. రిజిస్ట్రేషన్ అయిన మూడో నెలలో, రక్షణ శాఖ ఎన్‌ఓసీ తేవాలంటూ మునిసిపల్ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటి నుంచి ఓసీ, అంటే ఇంట్లో నివసించవచ్చునని మునిసిపాలిటీ ఇచ్చే పత్రం, ఆగిపోయింది.

కిందటి ఎండాకాలం అక్కడికి వెళ్లాను. మిద్దె మీద నీళ్ల ట్యాంకు కోసం లేపిన నాలుగు పిల్లర్లు సగంలో ఆగి ఉన్నాయి, వాటిలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు తుప్పు పట్టి వానకు కారిన ఎర్రటి చారలు తెల్ల సున్నం మీద కిందిదాకా దిగాయి. ట్యాంకు లేదు కాబట్టి కింద సంపు నుంచి మోటారుతో నేరుగా నీళ్లు కొడుతున్నారు. “మిలిటరీ గోడ పక్కన అంటే దొంగల భయం ఉండదన్నరు బామ్మర్దీ, నేను గదే నమ్మిన. కాయితాలన్నీ బ్యాంకోళ్లే చూసిన్రు గదా అనుకున్న” అన్నాడు. బ్యాంకు వకీలు చూసేది స్థలం మీద హక్కు ఎవరిదన్నది, ఈసీలో, అంటే ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రంలో, అప్పులున్నాయా అన్నది. గోడ ఎంత దూరంలో ఉందో టేపు పట్టి కొలవడం ఆయన పని కాదు.

ఆ రాజీవ్ రహదారి విషయమే చూడండి. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్ కట్టడానికి రక్షణ భూములు కావాలని రాష్ట్ర ప్రభుత్వాలు ఏళ్ల తరబడి అడిగితే 2024 మార్చికి గాని కేంద్రం అంగీకరించలేదు. ఆకాశంలో వెళ్లవలసిన ఆ దారి కూడా హకీంపేట వైమానిక స్థావరం రన్‌వే దగ్గరికి వచ్చేసరికి సొరంగమై నేల కిందికి దిగేలా రూపొందించారు. అంతకుముందు కంటోన్మెంట్‌లో సైన్యం మూసిన రోడ్లు తెరవడానికి 2018 మేలో నాటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ స్థాయిలో నిర్ణయం జరగవలసి వచ్చింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం ఇంతగా తల వంచి నడవవలసిన చోట, జీతం మీద బతికే బడిపంతులు తన ఎన్‌ఓసీ కోసం ఏ తలుపు తట్టాలి?

ఇప్పుడు ఆదిలాబాద్. అల్వాల్‌లో గోడ ఎప్పుడో కట్టి ఉంది, కనీసం కంటికి కనిపిస్తుంది. ఆదిలాబాద్‌లో ఆ గోడ ఇంకా దాని చోటికి రాలేదు. ఇప్పుడున్న భూమి విమానాశ్రయానికి చాలదు, చుట్టుపక్కల భూసేకరణ జరగాలి. సేకరణ పూర్తయ్యాక సరిహద్దు జరుగుతుంది, దానితోపాటు ఆంక్షల దూరమూ జరుగుతుంది. నేడు 600 మీటర్ల దూరంలో ఉందని చెప్పి అమ్మిన ఇల్లు రేపు 200 మీటర్లలో తేలవచ్చు. పైగా అక్కడ అమ్మకానికి వస్తున్నవి పెద్ద అపార్ట్‌మెంట్లు కావు, పక్కపక్కనే రెండు మూడు చొప్పున కట్టే ఇండిపెండెంట్ ఇళ్లు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, లేదా ఇళ్లు 8 దాటకపోయినా, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అంటే మా బావకు కనీసం ఉన్న ఫిర్యాదు గడప కూడా వీళ్లకు ఉండదు.

ఎత్తు సంగతి వేరే ఉంది. రన్‌వే చుట్టూ కట్టడాల ఎత్తును 2015 సెప్టెంబరు 30 నాటి కేంద్ర నిబంధనలు నియంత్రిస్తాయి, సైనిక రన్‌వే అయితే అనుమతి రక్షణ శాఖ నుంచి రావాలి. ఆ పత్రంలో ఎత్తును నేల నుంచి కాదు, సముద్ర మట్టం నుంచి లెక్కిస్తారు. ఉదాహరణకు పత్రంలో 290 మీటర్లని ఉండి, స్థలం 275 మీటర్ల మీద ఉంటే, కట్టగలిగేది 15 మీటర్లే. అందులోనే నీళ్ల ట్యాంకు, లిఫ్ట్ గది, రేపు పెట్టుకునే సోలార్ స్టాండు అన్నీ ఇమడాలి. 290 అన్న అంకె చూసి పెద్ద భవనానికే అనుమతి ఉందనుకుని మోసపోయేవారు ఉన్నారు.

కాబట్టి ఆదిలాబాద్‌లో ఇప్పుడు కొత్త ఇంటికి బయానా ఇవ్వబోయేవారు అడగవలసింది బిల్డరు మాట కాదు. ఆ సర్వే నంబరు సేకరణ పటంలో సరిహద్దుకు ఎంత దూరం పడుతుందో సర్వేయరు సంతకంతో ఉన్న కొలత, ఇంటి అనుమతితోపాటు రక్షణ శాఖ జవాబు నకలు, ఓసీ. ఈ మూడూ చేతికి వచ్చాకే రిజిస్ట్రేషన్ కార్యాలయానికి వెళ్లాలి. ప్రభుత్వం చేయవలసింది ఇంకా ముందుంది. తుది సరిహద్దు పడే సర్వే నంబర్లను, ఆంక్షలు వర్తించే దూరాన్ని చుట్టుపక్కల ప్రతి గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించాలి, ఆ నంబర్లకు భవన అనుమతి ఇచ్చే ముందే వైమానిక దళం జవాబు తెప్పించుకోవాలి, ఆంక్ష పడిన భూమికి 1903 చట్టం చెప్పిన పరిహారం కట్టించాలి. భూసేకరణ కాగితాలు ఇంకా కలెక్టర్ కార్యాలయంలోనే ఉండగా, మొదటి స్లాబు పడకముందే ఇవన్నీ జరగాలి.