మూడో రోజు చేతికి పార

పిల్లలూ,

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మీరు నన్ను చుట్టుముట్టి అడిగిన ప్రశ్నకు సగం జవాబు చెప్పేలోపే పలాస బస్సు వచ్చేసింది. "పెద్దమ్మా, పరాయి దేశంలో మిషన్ ఇంటర్న్, అదే సంఘం తరఫున సేవ నేర్చుకోవడానికి వెళ్లినవాళ్లు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేస్తారు?" అన్నారు. మీలో ఇద్దరు దరఖాస్తు కూడా పెట్టారని పాస్టరుగారు చెప్పారు. అందుకే మిగతా సగం కాగితం మీద పెడుతున్నాను.

ఉన్నమాట చెబుతాను. మొదటి నాలుగు నెలలు నేను చేసిన పనులు రెండే: పెట్టింది తినడం, నవ్వులపాలు కావడం.

1996 జనవరిలో, 24 ఏళ్ల వయసులో, టాంజానియా దక్షిణాన మసాసి వైపు ఒక పల్లెకు వెళ్లాను. పదకొండు నెలలు ఉన్నాను. దార్ ఎస్ సలామ్ నుంచి బస్సులో వెళ్తుంటే రుఫీజీ నది అడ్డం వచ్చింది. ఇప్పుడున్న వంతెన 2003లో కట్టారు. అప్పుడు బస్సును పంటు మీద దాటించాలి. ఆ రాత్రంతా ఒడ్డున దోమలతో కూర్చున్నాను. పెట్టె నిండా ఆదివారపు బడి ఫ్లానెల్ బొమ్మలు, కథ చెబుతూ బట్ట పలక మీద అంటించే గుడ్డ బొమ్మలు: నోవహు ఓడ, దావీదు, ఒడిసెల. దిగగానే పిల్లలను కూర్చోబెట్టి కథలు చెప్పేస్తానని నా ధీమా. ఆ బొమ్మలు మే నెల దాకా పెట్టెలోనే ఉన్నాయి. భాష రానిదే ఏ కథ చెబుతాను?

స్వాహిలీ మనకు కొంత దగ్గరగానే వినిపిస్తుంది, చిక్కంతా అక్కడే. డబ్బు పెసా, కొట్టు దుకా, పాలు లేని టీ 'చాయ్ యా రంగి', అంటే రంగు టీ. ఇంకేం, వచ్చేసినట్టే అనుకున్నాను. మన అలవాటు కొద్దీ చిన్న మగపిల్లవాణ్ణి "బాబూ, ఇలా రా" అని పిలిచాను. పిల్లలంతా నేల మీద పడి దొర్లారు. అక్కడ బాబు అంటే తాతయ్య. మామా అంటే అమ్మ. కాకా అంటే అన్నయ్య, కుకు అంటే కోడి. ఒక రాత్రి భోజనం చేసి వచ్చి, అన్నయ్యను తిన్నానని ఇంటావిడకు చెప్పాను.

గంటల లెక్క ఇంకో తంటా. వాళ్లకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఏడు గంటలు వాళ్లకు ఒకటి, మన మధ్యాహ్నం పన్నెండు వాళ్లకు ఆరు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా పగలూ రాత్రీ ఇంచుమించు సమానం, అందుకని ఆ లెక్క చక్కగా సరిపోతుంది. మన ముసలివాళ్లు పొద్దును బట్టి జాములు లెక్కపెట్టలేదా? మొదటి వారంలో డిస్పెన్సరీ నర్సమ్మ మూడు గంటలకు రమ్మంది. మూడింటికే వెళ్లాను, మధ్యాహ్నం. తలుపుకు తాళం. ఆవిడ రమ్మన్నది తొమ్మిదింటికి.

అతిథి మర్యాద రెండు రోజులే, మూడో రోజు చేతికి పార ఇవ్వమని స్వాహిలీలో ఒక సామెత ఉంది. మా ఇంటి మామా అక్షరాలా ఇచ్చింది. మొక్కజొన్న చేలో కలుపు. అరగంటకే నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆవిడ పార తిరిగి తీసుకుని, "పోలే" అని, తన చంటిపిల్లను నా ఒడిలో పెట్టింది. పోలే అంటే మన 'అయ్యో పాపం'. కాలు జారినా అంటారు, జ్వరం వచ్చినా అంటారు, ఎండలో నడిచి వచ్చినా అంటారు. నేను ఆ మాట రోజుకు ఇరవైసార్లు వినేదాన్ని.

మా మామ్మ బైబిలు స్త్రీగా, అంటే ఆడవాళ్లకు బైబిలు చెప్పే పనిలో, ఒక కెనడా దొరసాని వెంట ఊళ్లు తిరిగేది. పల్లెలో ఆడవాళ్లు "అయ్యో పాపం" అన్నప్పుడల్లా, వీళ్లు తమ పాపాలు ఒప్పుకుంటున్నారని ఆ దొరసాని సంబరపడేదట. ఆ కథ విని చిన్నప్పుడు పగలబడి నవ్వాను. మసాసిలో నాకు ఆవిడ గుర్తొచ్చింది. మన పుస్తకాల్లో అన్నీ పెద్ద పనులే ఉంటాయి. సోంపేట ఆసుపత్రిలో డాక్టర్ బెన్ గల్లిసన్ చేసిన కంటి ఆపరేషన్లు, ఆయన మాటలు విన్న కాల్గరీ వ్యాపారి ఒకాయన 1963లో మొదలుపెట్టిన కంటి సేవా సంస్థ ఆపరేషన్ ఐసైట్, ఇవన్నీ మీకు కంఠతా వచ్చు. 1805లో విశాఖపట్నంలో దిగిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ సంగతి ఎంతమందికి తెలుసు? తెలుగు నేర్చుకోవడం, అనువాదం మొదలుపెట్టడం, అంతే. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ మరుసటి ఏడాది పోయారు. వాళ్ల సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయ్యే నాటికి ఇద్దరూ లేరు. ఆ ఐదేళ్లలో ఎన్నిసార్లు నవ్వులపాలయ్యారో ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక రోజు ఎలా గడిచేదంటే, తెల్లవారకముందే చేతిపంపు దగ్గర వరుస. తర్వాత వాకిలి ఊడ్పు, పొట్టి చీపురుతో, మన ఊళ్లో లాగే. డిస్పెన్సరీ పావుగంట నడక, నాకు గంట పట్టేది. దారిలో కనిపించిన ప్రతి పెద్దవాళ్లకూ "షికమూ" అనాలి, పాదాలకు నమస్కారం అన్నంత మర్యాద ఆ మాటకు. వాళ్లు "మరహబా" అంటారు. అక్కడితో అయిపోదు. రాత్రి ఎలా గడిచింది, ఇల్లు ఎలా ఉంది, పిల్లలు ఎలా ఉన్నారు, పని ఎలా ఉంది, వరసగా అడగాలి. తొందరలో ఒక్కటి మానేసినా కోపం వచ్చిందేమో అనుకుంటారు.

మంగళవారాలు పసిపిల్లల తూకం. మామిడికొమ్మకు గడియారం మొహంలాంటి స్ప్రింగు త్రాసు వేలాడేది. కొక్కేనికి గుడ్డ లాగు. అందులో బిడ్డ కాళ్లు దూర్చి వదిలితే, బిడ్డ గాలిలో గిరగిర తిరుగుతూ కేకలు పెడుతుంది, ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ముల్లు నిలబడే ఆ ఒక్క క్షణంలో అంకె పట్టుకోవాలి. తల్లి చేతిలో ఉన్న కార్డు మీద ఆ నెల గడిలో చుక్క పెట్టి, పోయిన నెల చుక్కతో కలపాలి. గీత పైకి పోతే తల్లికి చూపించి నవ్వాలి. అడ్డంగా పోయినా కిందికి దిగినా కార్డు నర్సమ్మకు అందించాలి, నోరు మెదపకూడదు. అదీ నా ఉద్యోగం. ఒకరోజు 60 మందిని తూచాను. ఇంటికి రాసే ఉత్తరంలో ఏం రాయాలో తోచక కలం పట్టుకుని కూర్చున్నాను.

చేసిన తప్పు కూడా చెబుతాను. వచ్చిన కొత్తలో, నాకు చేరువైన నలుగురైదుగురు పిల్లలకు పెన్సిళ్లు ఇచ్చాను. సాయంత్రానికి తల్లుల మధ్య మాటామాటా వచ్చింది. బడి పెద్దాయన నన్నేమీ అనలేదు. మర్నాడు మిగిలిన పెన్సిళ్ల పెట్టె అడిగి తీసుకుని, బీరువాలో పెట్టి తాళం వేశారు. అంతే. మీరు మాత్రం ఏమైనా ఇవ్వాలనిపిస్తే ముందు అక్కడి పెద్దలను అడగండి. పిల్లల ఫోటోలకూ అదే మాట. మా రోజుల్లో ఫిల్ము ఖరీదు మా చేతులు కట్టేసేది, మీకు ఆ అడ్డు లేదు.

జబ్బు గురించి ఎక్కువ రాయను, మీ అమ్మలు చదువుతారు. మలేరియా ఒకసారి వచ్చింది, తగ్గింది. దోమతెర కట్టుకోండి. మమ్మల్ని పంపినవాళ్ల దగ్గర నుంచి భత్యం రెండు నెలలు రాలేదు. ఆ రెండు నెలలూ మామా పెట్టిన ఉగాలి, తోటకూరే తిన్నాను. ఉగాలి మన సంగటికి మొక్కజొన్న చుట్టం. ఆదివారం గుడిలో మాత్రం పండగే. డబ్బు లేనివాళ్లు కోడినో గుడ్లనో కానుకగా తెస్తారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. మన కోత పండగ వేలంపాట గుర్తొచ్చి, జోరుగా పాట పెంచి నాలుగు గుడ్లకు కోడి ధర పెట్టాను.

అక్టోబరు వచ్చింది. మన ఉద్దానంలో జీడిమామిడి వేసవి పంట, అక్కడ సంవత్సరం చివర్లో. చెట్టు కింద రాలిన పండ్లు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకరు చెప్పకుండానే కూర్చుని, పండు ఎడమచేత పట్టి పిక్కను మెలితిప్పి బుట్టలో వేయడం మొదలుపెట్టాను. పది పిక్కలయ్యాక తల ఎత్తితే మామా చేతులు ఆపి నన్నే చూస్తోంది. "మీ దేశంలో కూడా ఉన్నాయా ఇవి?" అంది. మర్నాడు పొద్దున పిల్లను నా ఒడిలో పెట్టలేదు, బుట్ట ఇచ్చింది.

ఇక దరఖాస్తు పెట్టిన ఇద్దరికీ. సందర్శకుల వీసా మీద సేవకు వెళ్లకండి, ఎవరు ఏం చెప్పినా సరే, నివాస అనుమతి చేతికి వచ్చాకే కదలండి. టాంజానియాకైతే ఎల్లో ఫీవర్ టీకా అవసరమేమో ముందే కనుక్కోండి, వేయించుకుంటే మాత్రం ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. పెద్దవాళ్లకు ఇవ్వడానికి పొందూరు ఖద్దరు తువ్వాళ్లు రెండు పెట్టుకోండి. ఆవకాయ కూడా పట్టుకెళ్లండి, అక్కడా ఊరగాయను అచారి అంటారు. సీసా మూతకు గుడ్డ గట్టిగా కట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టండి. నా ఫ్లానెల్ దావీదు మీద ఆ నూనె మరక ఇప్పటికీ ఉంది.

మీ పెద్దమ్మ