పెళ్ళి ఫొటోల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి: అపోహలు – వాస్తవాలు

అపోహ: పని బాగుంటే చాలు, పెళ్ళివాళ్ళే వెతుక్కుంటూ వస్తారు.

నేనూ ఇదే నమ్మి విజయనగరంలో ఏడాదిపాటు స్టూడియోలో ఈగలు తోలుకున్నాను. మనం తీసిన ఆల్బమ్ పెళ్ళివారి బీరువాలోకి పోతుంది. బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?

అపోహ: లైకులు పెరిగితే ఆర్డర్లు పెరుగుతాయి.

ఓ ఏడాది మా ఊరి అమ్మవారు పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం నాడు, కోట ముందు మంచి ఫొటో దొరికింది. ఊరేగే పొడవాటి మాను చివర కూర్చున్న పూజారి, కింద జనసముద్రం. ఇన్‌స్టాగ్రామ్‌లో అన్ని లైకులు నేనెన్నడూ చూడలేదు. ఒక్క ఫోను రాలేదు. వాళ్ళు లైకు కొట్టింది పైడితల్లమ్మకి, నాకు కాదు.

అదే నెలలో రాజాంలో ఒక బ్యూటీపార్లర్‌లో పన్నెండు పేజీల చిన్న ఆల్బమ్ పెట్టి వచ్చాను. పెళ్ళికూతురి మేకప్ మాట్లాడ్డానికి తల్లి, పిన్ని వస్తారు, కూర్చున్నంతసేపు తిరగేస్తారు. జీలకర్ర-బెల్లం వేళ తెర దించగానే అమ్మమ్మ ముఖం ఎలా వెలిగిందో ఒక పేజీలో ఉంది. అందరూ ఆగేది అక్కడేనట. ఆ సీజన్‌లో మూడు పెళ్ళిళ్ళు ఆ పార్లర్ నుంచే. తరవాత టెంటుహౌసుల వాళ్ళనీ, పంతుళ్ళనీ కలిశాను. ముహూర్తం అందరికన్నా ముందు తెలిసేది పంతులుగారికే కదా.

అపోహ: ధర ముందే చెప్తే పారిపోతారు.

పోయేవాళ్ళు పోనీండి, మీ సాయంత్రం మిగులుతుంది. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో కేటలాగ్ పెట్టి ధర, షీట్లు ఎన్ని, డ్రోన్ ఉందా లేదా, ఆల్బమ్ ఎన్నాళ్ళకిస్తారు అన్నీ రాయండి. తరవాత గొడవలు ఎక్కువగా ఆ చివరిదాని దగ్గరే. ఇంకోటి: ఒకే మెసేజ్‌ని అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టొచ్చు గానీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అది చేరుతుంది. అందుకే వచ్చినవాళ్ళ చేత అక్కడికక్కడే సేవ్ చేయించండి.

అపోహ: మొదట్లో ఊరికే తీస్తే పేరొస్తుంది.

వస్తుంది, ఊరికే తీస్తాడని. "మా ఆడపడుచు వాళ్ళకీ తీసీ బాబూ, ఏటయిపోద్ది?" అంటారు. చుట్టాలకి తగ్గించండి, కానీ బిల్లు మీద అసలు ధర వేసి, దాని కింద తగ్గించింది రాయండి.

అపోహ: ఆషాఢంలో పనుండదు.

పెళ్ళిళ్ళుండవు. శ్రావణం ముహూర్తాలకి అడ్వాన్సులు వచ్చేది అప్పుడే. గూగుల్ మ్యాప్స్‌లో స్టూడియో టైములు సరిచూసుకునేదీ, పార్లర్లలో నలిగిన ఆల్బములు మార్చేదీ నేను ఆ నెలలోనే. పాతదాంట్లో ఏ పేజీ మీద వేలిముద్రలు ఎక్కువున్నాయో చూసి, కొత్తదాంట్లో అలాంటి ఫొటో ముందుకి తెస్తాను.