చిన్న తరగతుల పిల్లల మానసిక ఆరోగ్యం: బెంగళూరు నేపథ్యం

దేశంలో మానసిక ఆరోగ్యానికి సంబంధించిన ఏ పెద్ద కార్యక్రమం మూలాలు వెతికినా దారి చాలావరకు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ అయిన నిమ్హాన్స్ దగ్గరికే వెళుతుంది. అయినా ఇదే నగరంలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే పిల్లలకు, వారి తల్లిదండ్రులకు బడిలోనే అందే సాయం నేటికీ చాలా తక్కువ.

పాతకాలపు ప్రభుత్వ మానసిక చికిత్సాలయం, 1954లో ఏర్పడిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ కలిసి 1974లో నిమ్హాన్స్ అయ్యాయి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ఆ దశకంలోనే నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో, అంటే తెలుగు మాట్లాడే ఊళ్లు ఎన్నో ఉన్న జిల్లాలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి చూసింది. 1996 నుంచి దేశమంతటా విస్తరించిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. అయితే దాని దృష్టి ప్రధానంగా తీవ్రమైన జబ్బుల మీద, మూర్ఛ మీద ఉండేది. బడి మీద దృష్టి పెట్టినవారు లేకపోలేదు. నిమ్హాన్స్‌లోనే మాళవికా కపూర్ వంటి క్లినికల్ సైకాలజిస్టులు పిల్లల ఇబ్బందులను గుర్తించడంలో ఉపాధ్యాయులకు తర్ఫీదు ఇచ్చారు. ఆ పని ఆసుపత్రి కార్యక్రమాలతో సమానంగా పెరగకపోవడమే అసలు లోటు.

ఆ లోటు ఎంతటిదో 2005లో భారతీయ వైద్య పరిశోధనా మండలి పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. నిమ్హాన్స్ పరిశోధకులు బెంగళూరు మధ్యతరగతి కాలనీలు, మురికివాడలు, చుట్టుపక్కల పల్లెల నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలను 2,064 మందిని పరిశీలించారు. 4 నుంచి 16 ఏళ్ల వారిలో 12 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. ఎక్కువగా కనిపించినవి పక్క తడపడం, ఫలానా వస్తువంటేనో చోటంటేనో విపరీతమైన భయం, నిలకడ లేని అతి చురుకుదనం, నత్తి, ఎదురుతిరిగే మొండితనం. ఇవి ప్రతి ఇంట్లో పెద్దలు 'పెద్దయితే అదే పోతుంది' అనో, 'నాలుగు తగిలిస్తే దారికొస్తాడు' అనో తేల్చేసేవే. తమ పిల్లలకు సమస్య ఉందని గుర్తించిన కుటుంబాలు 37.5 శాతం మాత్రమే. పిల్లలను కొట్టడానికీ ఈ సమస్యలకూ, తల్లిదండ్రుల మానసిక అనారోగ్యానికీ వీటికీ స్పష్టమైన సంబంధం కనిపించింది. సమస్యలున్న పిల్లల శాతంలో కాలనీకీ మురికివాడకూ పెద్ద తేడా లేదన్నది, ఖరీదైన బడిలో చేర్పిస్తే చాలనుకునే వారు ఆగి ఆలోచించవలసిన సంగతి.

చట్టం మాత్రం ముందే నడిచింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. భయాందోళనలు లేని చదువు పిల్లల హక్కని 29వ సెక్షన్‌లో రాసింది. 2019 సవరణ ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్షలకు మళ్లీ తలుపు తెరిచింది. కర్ణాటకలో ఆ తరగతులకు బోర్డు తరహా పరీక్షలు పెట్టాలన్న నిర్ణయం 2023, 2024లలో హైకోర్టులో ఒకసారి రద్దవుతూ మరోసారి నిలబడుతూ చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పదేళ్ల పిల్లలు పరీక్ష ఉందో లేదో తెలియక గడిపిన ఆ వారాలను ఏ కోణంలోనూ సమర్థించలేం.

విద్యాహక్కు చట్టం తర్వాత వచ్చిన సర్వేలు, పథకాలు కూడా పెద్ద పిల్లల దగ్గరే ఆగాయి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కించింది 13 ఏళ్ల నుంచే. 13-17 ఏళ్ల వారిలో సమస్యలు 7.3 శాతమని చెప్పింది. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా నియమించింది, అదీ ఆరో తరగతి నుంచి పైకే. సీబీఎస్ఈ నిబంధన కౌన్సెలర్‌ను కోరేది సెకండరీ స్థాయి నుంచి. ఇంతలో కోవిడ్ వచ్చింది. 2020 మార్చిలో మూతబడిన కర్ణాటక ప్రాథమిక తరగతులు 2021 అక్టోబర్ 25న గానీ తెరుచుకోలేదు. యూకేజీలో బడి మానిన బిడ్డ రెండో తరగతిలో మళ్లీ బెంచీ మీద కూర్చుంది.

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలోని తెలుగు ఇళ్లలో గానీ, కట్టడం పనులకు పాలమూరు, రాయలసీమల నుంచి వచ్చినవారి షెడ్లలో గానీ అమ్మమ్మ, తాతయ్య ఊళ్లోనే ఉంటారు. బిడ్డ బెంగను సాయంత్రం కూర్చుని వినే మనిషి చాలా ఇళ్లలో ఉండరు. ఇంట్లో తెలుగు, తరగతిలో ఇంగ్లిష్, ఆటస్థలంలో కన్నడ మాట్లాడే ఏడేళ్ల పిల్లవాడు బడి బస్సు వేళకు కడుపునొప్పి అంటే, అది సాకని కోప్పడే ముందు డాక్టరుకు చూపించి, క్లాసులో ఏం జరుగుతోందో టీచరమ్మను అడగడం అవసరం.

2022 అక్టోబర్ 10న మొదలైన, ఫోన్‌లో మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే టెలి-మానస్ సేవకు నిమ్హాన్సే కేంద్ర సంస్థ. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చు. బడి లోపలి మార్పుకు వేరే దారి ఉంది. ప్రభుత్వ బడుల అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీలలో (ఎస్‌డీఎంసీ) నాలుగింట మూడొంతులకు తగ్గకుండా తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఒకటో తరగతి నుంచే పిల్లల మనసు ఎరిగిన శిక్షణ పొందిన ఒక మనిషి బడిలో ఉండాలన్న తీర్మానం మొదట రావలసింది ఆ కమిటీల నుంచే.