ట్రాక్టర్ ట్రాలీ లైట్లు: షాపులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

మామిడి సీజన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల ఏ రోడ్డు చూసినా ట్రాక్టర్లే. జూన్, జులై నెలల్లో దామలచెరువు మండీకి, బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకి, గుజ్జు ఫ్యాక్టరీలకి తోతాపురి లోడ్లు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. వాటిలో ఎన్నో ట్రాలీలకు వెనక ఒక్క లైటు కూడా వెలగదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకీ, 20తో పోయే ట్రాలీకీ మధ్య దూరం సెకనుకు దాదాపు 17 మీటర్లు తరిగిపోతుంది. వంద మీటర్ల దూరంలోనే కనబడినా కారు డ్రైవరుకు ఉండేది ఆరు సెకన్లు. లైటు లేకపోతే అంత దూరంలో కనబడనే కనబడదు. అందుకే ఆటో ఎలక్ట్రీషియన్‌గా నా దగ్గరికి వచ్చే రైతులు, డ్రైవర్లు చెప్పే మాటలను తీసుకుని, వాటిలో ఏది నిజమో ఏది కాదో రాస్తున్నాను.

అపోహ: లైటు వెలగలేదంటే బల్బు పోయినట్టే.

"బల్బు పోయినట్టుండాదినా, కొత్తది వెయ్యి" అంటూ వస్తారు. బల్బు తీసి చూస్తే లోపల వెలిగే తీగ, అంటే ఫిలమెంటు, బాగానే ఉంటుంది. ట్రాలీల్లో ఎక్కువగా దొరికే లోపం ఎర్త్‌ది. బ్యాటరీ నుంచి బల్బు దాకా కరెంటు రావడం ఎంత ముఖ్యమో, అది తిరిగి బ్యాటరీకి చేరడం కూడా అంతే ముఖ్యం. ఆ తిరుగు దారినే మనం ఎర్త్ అంటాం.

ఎర్త్ పోయిందని గుర్తుపట్టడం తేలిక. బ్రేకు తొక్కితే బ్రేక్ లైటు మసగ్గా వెలిగి, దాంతోపాటు ఇండికేటరో టెయిల్ లైటో కూడా వెలుగుతుంది. లేదా ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కూడా దాని తాళానికి మిణుకుమిణుకుమంటాయి. తిరిగి వెళ్లే దారి మూసుకుపోయిన కరెంటు పక్క ఫిలమెంటులోకి దూరి, దాని వైరు గుండా వెనక్కి పోతుంది. టెయిల్‌కీ బ్రేకుకీ కలిపి వాడే 21/5 వాట్ల బల్బులో రెండు ఫిలమెంట్లకీ ఎర్త్ ఒకటే కాబట్టి ఈ గందరగోళం అక్కడ ఇంకా ఎక్కువ. అలాంటప్పుడు ఎన్ని కొత్త బల్బులు వేసినా డబ్బు దండగే.

పరీక్ష చాలా సులువు. ఒక పొడవాటి వైరు తీసుకోండి. ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస లైటు ఎర్త్ టెర్మినల్‌కి తగిలించండి. మసగ్గా ఉన్న లైటు ఒక్కసారిగా తెల్లగా వెలిగిందా, లోపం ఎర్త్‌లోనే. మల్టీమీటర్ ఉన్నవాళ్లు బ్రేకు తొక్కించి, లైటు వెలుగుతుండగానే బ్యాటరీ నెగటివ్‌కీ లైటు ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ చూడాలి. సున్నాకి దగ్గరగా ఉండాలి. ఒక వోల్టో రెండు వోల్టులో చూపిస్తే ఆ దారిలో ఎక్కడో తుప్పు ఉన్నట్టే.

లైటు ఆపేసి చూడటం వల్ల లాభం లేదు. బల్బుకి కరెంటు తెచ్చే వైరైనా అంతే, బల్బు తీసేసి కొలిస్తే పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. లోడు పడినప్పుడే దాని బండారం బయటపడుతుంది. మీటరు కంటే 21 వాట్ల బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపునే నేను ఎక్కువ నమ్మడానికి కారణం ఇదే.

అపోహ: ట్రాలీ ఇనుముదే, ట్రాక్టరూ ఇనుముదే. హుక్కు పిన్నుతో ఎర్త్ అయిపోతుంది, వేరే వైరు ఎందుకు?

ట్రాలీని లాగే ఇనుప కడ్డీ (డ్రాబార్) రంధ్రంలో పిన్ను వదులుగా ఆడుతుంటుంది. దాని మీద గ్రీజు, దుమ్ము, తుప్పు. గుంతలో పడినప్పుడల్లా తగులుతుంది, లేస్తుంది. నిలబెట్టిన ట్రాలీలో లైట్లన్నీ బాగా వెలిగి, రోడ్డెక్కగానే ఆరిపోతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ట్రాక్టర్ సాకెట్లో గుచ్చే ప్లగ్గు నుంచి ప్రతి లైటు దాకా ఎర్త్ వైరు విడిగా లాగండి, అది మిగతా వైర్ల కంటే లావుగా ఉండాలి. అన్ని బల్బుల కరెంటూ తిరిగొచ్చేది ఆ ఒక్క దారిలోనే మరి. ట్రాలీ ఛాసిస్‌కి కూడా ఒకచోట బోల్టుతో బిగించాలి, పెయింటు గీకి మెరిసే ఇనుము కనబడ్డాకే.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. ట్రాలీకి వెల్డింగ్ పెట్టిస్తున్నప్పుడు ట్రాక్టర్ నుంచి ప్లగ్గు తప్పనిసరిగా పీకేయండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు పనిచేసే చోటుకి దగ్గరగా పట్టించండి. లేదంటే ఆ కరెంటు మన సన్నటి ఎర్త్ వైరులోకి దారి వెతుక్కుంటుంది. వైరు మాడుతుంది, ఒక్కోసారి ట్రాక్టర్‌లో కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ కూడా పోతుంది.

అపోహ: బల్బు చిన్నదే కదా, సన్న వైరు చాలు.

లెక్క వేసి చూద్దాం. 21 వాట్ల బ్రేక్ బల్బులు రెండు కలిపి 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. ట్రాక్టర్ ముందు నుంచి ట్రాలీ చివరిదాకా పది మీటర్ల రాగి వైరు అనుకుందాం. లోపలి రాగి మందం అర స్క్వేర్ ఎంఎం ఉన్న వైరైతే పోయేటప్పుడే దాదాపు 1.2 వోల్టులు దారిలో ఖర్చవుతాయి. అంటే బల్బుకి చేరేది 10.8. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు పదో వంతు తగ్గి ఊరుకోదు, ఫిలమెంటు బల్బులో దాదాపు మూడో వంతు పోతుంది. అదే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు వేస్తే పోయేది 0.4 వోల్టే. ఎండలో బ్రేకు తొక్కితే వెనకవాడికి తెలిసేది, తెలియనిది ఈ తేడాతోనే. వైరు కొనేటప్పుడు పైనున్న ప్లాస్టిక్ లావు చూసి మోసపోవద్దు. కొస ఒలిచి లోపలి రాగి చూడండి.

జాయింట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మెలేసి టేపు చుట్టిన జాయింటు మన ఎండలకు నిలవదు. జిగురు కరిగి టేపు జారుతుంది, మొదటి వానకే నీళ్లు పోయి రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. కొసల్ని లోహపు గొట్టంలో పెట్టి గట్టిగా నొక్కి (క్రింప్ చేసి), వేడికి ముడుచుకునే స్లీవు తొడిగితే ఏళ్ల తరబడి ఉంటుంది. టిప్పింగ్ ట్రాలీ అయితే బాడీ లేచే చోట వైరుని కొంచెం వదులుగా వదలాలి.

అపోహ: నల్ల వైరంటే ఎర్తే.

ఏడు పిన్నుల ప్లగ్గుకి వాడే ఐఎస్ఓ 1724 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఎర్త్ తెల్ల వైరు, మూడో నంబరు పిన్ను. నల్లది ఏడో నంబరు, ఎడమ టెయిల్ లైటుది. పసుపు ఒకటో నంబరు, ఎడమ ఇండికేటర్. ఆకుపచ్చ నాలుగు, కుడి ఇండికేటర్. గోధుమరంగు ఐదు, కుడి టెయిల్. ఎరుపు ఆరు, బ్రేకు. రెండోది నీలం, వెనక ఫాగ్ ల్యాంపు కోసం. నల్లదాన్ని ఎర్త్ అనుకుని ఛాసిస్‌కి బిగించేస్తే, లైట్ల స్విచ్చు వేసీ వేయగానే ఫ్యూజు ఎగిరిపోతుంది. అయినా రంగుల్ని పూర్తిగా నమ్మొద్దనే అంటాను, ఎందుకంటే పాత ట్రాలీల్లో ఎవరి చేతికి దొరికిన వైరు వాళ్లు వేసేసి ఉంటారు. ప్లగ్గులో పిన్నుల పక్కన అంకెలు ఉంటాయి, వాటినే పట్టుకోండి.

అపోహ: ఎల్ఈడీ వేస్తే ఇక ఏ టెన్షనూ ఉండదు.

ఎల్ఈడీ మంచిదే, నేనూ వేయమనే చెబుతాను. కరెంటు తక్కువ లాగుతుంది, కుదుపులకు తెగిపోయే ఫిలమెంటు దానిలో లేదు. కానీ చెడిపోయిన ఎర్త్‌ని అది బాగుచేయదు. సాకెట్లో తడి చేరితే ఆ కొద్దిపాటి లీకేజీకే స్విచ్చు ఆపినా సన్నగా వెలుగుతూ కనిపిస్తుంది. ఇండికేటర్లకి ఎల్ఈడీ వేశాక టకటకమని వేగంగా కొట్టుకుంటుంటే లైటు చెడిపోయిందని వాపసు తెస్తారు. ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పుతుండే పాత ఫ్లాషర్ రిలే బల్బు లాగే కరెంటుకి అలవాటుపడినది. లోడు తగ్గేసరికి బల్బు పోయిందనుకుంటుంది. ఎల్ఈడీకి సరిపోయే ఫ్లాషర్ వేస్తే సరిపోతుంది. కొనేటప్పుడు వోల్టేజీ చూడండి. ట్రాక్టర్ 12, లారీ 24. లారీ బల్బు ట్రాలీకి వేస్తే వెలుగుతుంది గానీ దీపంలా ఉంటుంది.

అపోహ: మాటిమాటికీ ఫ్యూజు పోతోంది, రాగి పోగు చుడితే సరి.

దయచేసి ఈ పని చేయకండి. ఫ్యూజు ఉన్నది బల్బుని కాపాడటానికి కాదు, వైరు అంటుకోకుండా కాపాడటానికి. వెనక వరిగడ్డో చెనక్కాయ కట్టో ఉన్న ట్రాలీలో వైరు కాలితే ఏమవుతుందో రైతులకు నేను చెప్పక్కర్లేదు. షార్ట్ ఎక్కడుందో వెతకడానికి ఒక పద్ధతి ఉంది. ట్రాలీ బల్బులన్నీ తీసేసి, ఫ్యూజు స్థానంలో 21 వాట్ల బల్బు తగిలించి స్విచ్చు వేయండి. బల్బు పూర్తిగా వెలిగితే షార్ట్ ఉన్నట్టు. ట్రాలీ ప్లగ్గు పీకగానే ఆరిపోతే లోపం ట్రాలీలోనే. మళ్లీ ప్లగ్గు పెట్టి, వైరుని డ్రాబార్ దగ్గర నుంచి వెనక్కి కదుపుతూ రండి. ఎక్కడ బల్బు మిణుకుమంటే అక్కడే వైరు ఒరుసుకుపోయి ఉంటుంది, లేదా ఎలుక కొరికి ఉంటుంది.

అపోహ: వెనక తెల్ల లైటు వేస్తే అందరికీ కనబడతాం. రేడియం స్టిక్కర్ ఉంది, ఇంకేం కావాలి?

ట్రాక్టర్ మడ్‌గార్డు మీద దున్నేటప్పుడు వాడే తెల్ల లైటు ఉంటుంది చూడండి, దాన్ని రోడ్డు మీద వేసి తిరగడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఖాళీ ట్రాలీ అయితే ఆ వెలుగు నేరుగా వెనకవాడి కళ్లలో కొడుతుంది, ఎర్ర లైట్లు దానిలో మునిగిపోతాయి. తెల్ల లైటు చూసి ఎదురుగా వస్తున్న బండి అనుకునేవాళ్లూ ఉన్నారు. రేడియం స్టిక్కర్, అంటే రిఫ్లెక్టర్ టేపు, తప్పనిసరిగా ఉండాలి. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. కానీ అది సొంతంగా వెలగదు, అవతలి బండి హెడ్‌లైటు పడాలి. బురద పట్టినా టార్పాలిన్ కప్పినా అంతే సంగతులు. బ్రేకు తొక్కిన విషయం అది ఎప్పటికీ చెప్పలేదు.

చెరుకు, గడ్డి లోడ్లలో లైట్లు అసలు కనబడవు. దానికి ఒక చెక్క పలకకి రెండు లైట్లు, రిఫ్లెక్టర్లు బిగించి, పొడవాటి వైరుతో ప్లగ్గు పెట్టించుకోండి. లోడు చివర తాడుతో కట్టి ట్రాలీ సాకెట్లో గుచ్చడమే. ఒక పలక ఉంటే ఇంట్లో ఉన్న ట్రాలీలన్నింటికీ పనికొస్తుంది.

అపోహ: లైట్లు వేసి పెడితే బ్యాటరీ దిగిపోతుంది.

ఇంజిన్ నడుస్తున్నంతసేపూ కరెంటు ఇచ్చేది ఆల్టర్నేటర్. ఫ్యాక్టరీ క్యూలో ఇంజిన్ ఆపి పార్కింగ్ లైట్లు వేసినా, 5 వాట్ల బల్బులు నాలుగు కలిపి లాగేది రెండు ఆంపియర్లలోపే. 75 ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటు కొలత ఇది) మంచి బ్యాటరీ రాత్రంతా తట్టుకుంటుంది. తెల్లారి సెల్ఫ్ కొట్టలేదంటే బ్యాటరీని చూపించండి, లైట్లని తిట్టకండి.

రిపేరుకి వచ్చేటప్పుడు ట్రాలీ ఒక్కటే వదిలేసి వెళ్లకుండా, మీరు వాడే ట్రాక్టర్‌తోనే తగిలించుకుని రండి. ఇంకో బండికి పెడితే వెలిగే ట్రాలీ మీ బండికి పెడితే ఆరిపోయే సందర్భాలు చాలా ఉంటాయి. అప్పుడు చూడాల్సింది మీ ట్రాక్టర్ సాకెట్‌నే.