ఇంగ్లీషు సారుకు ఇంగ్లీషు ఎవరు నేర్పాలి?

సర్కారు బడుల టీచర్ల కొలువులకు డీఎస్సీ నోటిఫికేషన్ పడిందంటే, కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అవనిగడ్డలో అద్దె గదులు దొరకవు. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టుకు చదివేవాళ్లు అక్కడ పొద్దున్నే లేచి బిట్లు (నాలుగింట్లో ఒక జవాబు ఎంచుకునే ప్రశ్నలు) వల్లిస్తుంటారు: ఆర్టికల్స్, ప్రిపొజిషన్స్, డైరెక్ట్ మెథడ్‌కూ బైలింగ్వల్ మెథడ్‌కూ తేడా. రాతపరీక్షకు 80 శాతం, టీచరు అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ. ఇంటర్వ్యూ లేదు. హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పబోయే మనిషి ఆ ఉద్యోగం కోసం ఎవరి ముందూ నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడి చూపించనక్కర్లేదు. ఈ తిరకాసు నిన్నమొన్నటిది కాదు.

టీచర్లకు శిక్షణ బడులు పెట్టమని 1854లో ఈస్టిండియా కంపెనీ పంపిన విద్యా విధాన పత్రం, వుడ్ డిస్పాచ్ చెప్పింది. రెండేళ్లకు మద్రాసులో నార్మల్ స్కూలు మొదలైంది. సైదాపేట టీచర్స్ కాలేజీకి మూలం అదే. 19వ శతాబ్దం ముగిసేసరికి దేశం మొత్తానికి హైస్కూలు టీచర్లను తయారుచేసే కాలేజీలు ఆరే ఉండేవి. వాటిలో ఒకటి మన రాజమండ్రిలో. బి.ఏ. అయ్యాక అక్కడ ఎల్.టి. చేసేవారు, ఇప్పటి బి.ఎడ్. లాంటి టీచర్ ట్రైనింగ్ అన్నమాట. సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా సైదాపేటలో ఎల్.టి. చేసినవారే.

ఆ కాలేజీలు భాష నేర్పే పని పెట్టుకోలేదు. అవసరమూ లేకపోయింది. వచ్చినవాళ్లంతా హైస్కూలు నుంచి బి.ఏ. దాకా లెక్కలూ చరిత్రా సైతం ఇంగ్లీషులోనే చదివినవాళ్లు. భాష ఎలాగూ వచ్చు, చెప్పే పద్ధతి నేర్పితే చాలు అన్నది అప్పటి లెక్క. ఆ రోజులకది సరైన లెక్కే.

ఇక్కడ ఒక పిట్టకథ. 1907 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, మన పంతుళ్లు పిల్లలకు చెప్పే తెలుగు బయట జనం మాట్లాడే తెలుగులా లేదేమని అడిగాడు. ఆ ప్రశ్న విశాఖలో కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గిడుగు, గురజాడల దాకా వెళ్లింది. వ్యావహారిక భాషోద్యమం అలా రాజుకుంది. తెలుగు పాఠానికి పట్టిన ఆ యోగం ఇంగ్లీషు పాఠానికి పట్టలేదు. బడిలో చెప్పే ఇంగ్లీషు మాట్లాడే ఇంగ్లీషేనా అని నిలదీసిన గిడుగు మనకు లేడు.

స్వాతంత్ర్యం తర్వాత ఢిల్లీకి ఈ బెంగ కలిగింది. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. తర్వాత సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది అదే. ఉచ్చారణ, ఫొనెటిక్స్, స్ట్రక్చర్లు అక్కడ శ్రద్ధగా నేర్పారు. కానీ అన్ని జిల్లాల హైస్కూలు సార్లూ అక్కడిదాకా వెళ్లగలరా? వాళ్లకోసం జిల్లాల్లోనే ఇంగ్లీషు శిక్షణ కేంద్రాలు పెట్టే పథకం వచ్చేసరికి 1985 అయింది.

ఈలోగా అసలు మార్పు వేరేచోట జరిగిపోయింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో వచ్చాయి. దాన్ని నేను తప్పుపట్టను. ఎందరో పల్లెటూరి పిల్లలు డిగ్రీ మొహం చూసింది ఆ పుస్తకాల వల్లే. కానీ వాళ్లే బి.ఎడ్.కు వచ్చేనాటికి ట్రైనింగ్ కాలేజీ మాత్రం ఎల్.టి. కాలం నాటి లెక్కనే పట్టుకు కూర్చుంది. సోషల్ ఒక మెథడాలజీ (పాఠం చెప్పే పద్ధతి నేర్పే పేపరు), ఇంగ్లీషు రెండో మెథడాలజీ. లెసన్ ప్లాన్లు, రికార్డులు, చార్టులు, కొన్నాళ్ల టీచింగ్ ప్రాక్టీసు. భాష ఎవరికి వారు తెచ్చుకోవాలి. చాలా బడుల్లో ఇంగ్లీషు పీరియడ్లు లెక్కల సారూ సోషల్ సారూ పంచుకున్న రోజులవి. పాఠం ఒక వాక్యం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, జవాబులు బోర్డు మీద రాయడం. ఆ సార్లను వెక్కిరించడం తేలిక. వాళ్లకు నేర్పిందే అంత.

టీచర్ ట్రైనింగ్ కోర్సులకు నిబంధనలు పెట్టే జాతీయ మండలి ఎన్‌సీటీఈ చట్టబద్ధ సంస్థగా 1995లో వచ్చింది. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్లయింది, బడిలో గడపాల్సిన కాలం 20 వారాలకు పెరిగింది. కాగితం మీద మంచి మార్పు. అయితే ‘నాన్ అటెండింగ్’ అనే మాట బి.ఎడ్. చదివినవాళ్లకు వివరించి చెప్పనక్కర్లేదు. ఫీజు కట్టి పరీక్షలకు మాత్రం వచ్చేవాడికి కోర్సు ఏడాదైతేనేం, రెండేళ్లయితేనేం?

బళ్లు ఈలోపు దూసుకుపోయాయి. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో 6,500 హైస్కూళ్లలో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచారు. 2019లో ఆంధ్రప్రదేశ్ 1 నుంచి 6 తరగతులకు ఇంగ్లీషు మీడియం జీవో ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లోకి ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇప్పుడు ఇంగ్లీషు సారుకే కాదు, సైన్సు టీచరుకూ ఆ భాష కావాలి.

భాషను విడిగా పరీక్షించే ఏర్పాటు బొత్తిగా లేదనుకోకూడదు. ఆంధ్రప్రదేశ్ డీఎస్సీలో టీజీటీ (డిగ్రీ స్థాయి టీచరు), పీజీటీ (పీజీ స్థాయి టీచరు), ప్రిన్సిపాల్ పోస్టులకు ఇంగ్లీషు ప్రొఫిషియెన్సీ టెస్ట్ అని 100 మార్కుల పేపరుంది. అదీ బిట్లే.